బుల్లెమ్మకి అమ్మ కుట్టిన జాకెట్టు

మా బుల్లెమ్మ మెడ నిక్కించి నిలబడితే ఊళ్ళోని నాటుపెట్టల వీపు దాకా వచ్చేది. అంతే. కాళ్ళు ఉన్నాయో లేవో తెలియనంత పొట్టి. ఒళ్ళంతా తెలుపు, తోక మాత్రం నలుపు. ఆ తోక నిటారుగా లేచి దాదాపు తలని తాకేది. బాంటం అనే మరుగుజ్జు కోళ్ళలో జపనీస్ బాంటం అనే రకం అలా ఉంటుందని చాలా ఏళ్ళ తర్వాత ఒక పుస్తకంలో బొమ్మ చూసి తెలుసుకున్నాను. అప్పట్లో మాకు తెలిసిందల్లా అది హైదరాబాద్ కోడి అని.

1992 వేసవిలో మా బాబాయ్ తెచ్చాడు దాన్ని. ఆయనకి హైదరాబాద్‌లో ఉద్యోగం. చార్మినార్ దగ్గర ముర్గీ చౌక్ అని ఉంది, రకరకాల కోళ్ళు, పావురాలు, రంగురంగుల పిట్టలు అమ్మే చోటు. అక్కడ చూసి ముచ్చటపడి, వెదురుబుట్టలో పెట్టి, నర్సాపూర్ ఎక్స్‌ప్రెస్‌లో సీటు కింద దాచుకుని పాలకొల్లు దాకా తెచ్చాడు. రాత్రంతా అది కిక్కురుమనలేదట. తెల్లవారుజామున గుడివాడ దాటాక మాత్రం గొంతు విప్పిందట. పెట్టెలో ఉన్నవాళ్ళంతా లేచి కూర్చుని దాన్ని చూసి, అటుకులు పెట్టి పంపారట.

"ఒరే, దీన్ని కోసినా చారెడు కూర రాదు కదరా. దీనికి రైలు ప్రయాణం ఒకటా?" అంది మా మామ్మ బుట్టలోకి చూసి.

"కొయ్యడానికి కాదమ్మా. పిల్ల ఆడుకుంటుందని తెచ్చాను."

ఆ పిల్లని నేనే. అప్పుడు ఆరో తరగతిలోకి వెళ్ళబోతున్నాను. బుల్లెమ్మ అని పేరు పెట్టింది మాత్రం మామ్మే, ఆ సాయంత్రమే. కూర రాదన్న మనిషే గుప్పెడు నూకలు తెచ్చి అరచేతిలో పెట్టి తినిపించింది.

మా ఇల్లు కాలువగట్టుకి దగ్గర. వెనకాల కొబ్బరిచెట్లు, ఒక మూల గడ్డిమేటు, దాని పక్కన కోళ్ళగూడు. మిగతా కోళ్ళు పొద్దు వాలగానే గూట్లోకి పోయేవి. బుల్లెమ్మకి గూడు నచ్చలేదు. వంటింటి కిటికీ గట్టు మీదకి ఎగిరి, అమ్మ పోపు పెడుతున్నంతసేపూ చూస్తూ కూర్చుని, అక్కడే నిద్రపోయేది. నేను బడి నుంచి వచ్చే వేళకి వీధి అరుగు మీద ఉండేది. పుస్తకాల సంచి దింపగానే ఒళ్ళో ఎక్కి సర్దుకుని కూర్చునేది. అరకిలోకి కాస్త పైన ఉంటుందేమో బరువు. ఆ వెచ్చదనం ఇప్పటికీ తొడల మీద తెలుస్తున్నట్టే ఉంటుంది నాకు.

గుడ్లు చిన్నవి. నాటుకోడి గుడ్డు ఒకటి వేసే అట్టుకి దీనివి రెండు కావాలి. కానీ పొదగడంలో దాన్ని మించిన పెట్ట మా వీధిలో లేదు. తన గుడ్లతోపాటు నాటుకోడి గుడ్లు పెట్టినా, రెక్కల కింద పట్టక బయటికి కనిపిస్తున్నా, కాళ్ళతో, ముక్కుతో లోపలికి లాక్కుంటూ ఇరవై ఒక్క రోజులూ కదలకుండా కూర్చునేది. పిల్లలు ఎదిగి తల్లికంటే పెద్దవై తిరుగుతుంటే, వాటిని కూడా రెక్క కిందకే పిలిచేది.

అలాంటి పెట్టకి ఆ మరుసటి ఏడు వానాకాలంలో పుండు పడింది.

మొదట ఎవరమూ చూడలేదు, ఎందుకంటే అది చూడనివ్వలేదు. కోడి నొప్పిని బయటపెట్టదు. మందలో నీరసంగా కనిపిస్తే తోటి కోళ్ళే పొడుస్తాయి, పైన గద్ద చూస్తుంది, గడ్డిమేటు వెనక పిల్లి చూస్తుంది. అందుకని చివరిదాకా మామూలుగానే తిరుగుతుంది. బుల్లెమ్మ కూడా తిరిగింది. కాకపోతే నూకలు చల్లినప్పుడు ముందు పరిగెత్తుకొచ్చేది కాస్తా వెనక నిలబడుతోంది. కిటికీ గట్టు మీదకి ఎగరడం మానేసి, కింద పీట చాటున పడుకుంటోంది. కుడి రెక్క కొద్దిగా వాలి ఉంది.

"దీని దగ్గర ఏదో వాసన వస్తోందే," అంది అమ్మ ఒకరోజు.

ఒళ్ళో కూర్చోబెట్టుకుని రెక్క ఎత్తాను. రెక్క కింద, పక్కటెముకల మీదుగా, నా బొటనవేలంత పొడుగున తోలు చీరుకుపోయి ఉంది. అంచులు ఎండి నల్లబడ్డాయి, మధ్యలో పచ్చిగా మెరుస్తోంది. చుట్టూ ఈకలు నెత్తురుతో అట్టకట్టాయి. కోడి తోలు చాలా పలచన, మన తోలంత మందం ఉండదు. ఒకసారి చీరితే సాగిపోతుంది. నాకు ఏడుపు ఆగలేదు. అది మాత్రం నా చేతిలో ఉన్న నూకల వైపు చూస్తోంది.

వైద్యం మామ్మ మొదలుపెట్టింది. మా ఇంట్లో మనుషులకైనా దూడలకైనా మొదటి డాక్టరు ఆవిడే. లీటరు నీళ్ళు మరగకాచి, చెంచాన్నర ఉప్పు వేసి, గోరువెచ్చగా అయ్యాక పాతపంచె ముక్కతో ఒత్తుతూ కడిగింది. రుద్దకూడదు, ఒత్తాలి అని నాకు చేసి చూపించింది. అట్టకట్టిన ఈకల్ని నానబెట్టి ఒక్కొక్కటీ విడదీసింది. చేలగట్టు నుంచి గడ్డిచామంతి ఆకు కోసుకు రమ్మంది. పసుప్పచ్చటి గుండ్రని బొడ్డు, చుట్టూ తెల్లటి చిన్న రేకులతో పొడుగాటి కాడ మీద పువ్వు నిలబడి ఉంటుందే, అదే. ఆ ఆకు నలిపి రసం పిండితే కారే నెత్తురు ఆగిపోతుందని పొలం పనికి వెళ్ళే ప్రతివాళ్ళకీ తెలుసు, కొడవలి తెగినప్పుడు అదే మందు. రసం పిండి, పైన కొబ్బరినూనెలో కలిపిన పసుపు రాసింది.

గాయం ఆరింది. పైన పెచ్చు కట్టింది. బుల్లెమ్మ మళ్ళీ నూకల దగ్గర ముందుకొచ్చింది. ఇంక తగ్గిపోయిందనుకున్నాం. వారం తిరగకుండా పెచ్చు ఊడి, అదే చోట, ఇంకొంచెం పెద్దగా తెరుచుకుంది.

మళ్ళీ ఉప్పునీళ్ళు, ఆకు, పసుపు. మళ్ళీ పెచ్చు. మళ్ళీ నెత్తురు. ఎన్నిసార్లు అలా జరిగిందో! ఎర్రగా కనిపిస్తే చాలు, తోటి పెట్టలు వచ్చి పొడిచేవి. కోళ్ళకి ఎరుపు కంటపడితే ఆగలేవు, చుట్టమో పరాయో చూడవు. అందుకని పగలు గంప కింద మూసేవాళ్ళం. గంప కింద అది తిండి ముట్టుకోకుండా, కన్నాల్లోంచి బయటికి చూస్తూ కూర్చునేది. చూడలేక సాయంత్రం కాసేపు వదిలేవాళ్ళం.

వీధిలో వాళ్ళు తలా ఒక మాట అనేవారు. కోడికి ఇంత వైద్యం ఏమిటి, పుండు ముదరకముందే కోసెయ్యండి అన్నవాళ్ళు ఉన్నారు. వాళ్ళని తప్పు పట్టను. నాలుగు కోళ్ళు పెంచుకుని గుడ్లో, కోడో అమ్ముకుంటే ఆ డబ్బుతో ఉప్పూ పప్పూ వచ్చే ఇళ్ళు మా వీధిలో చాలా ఉండేవి. కోడికి జబ్బు చేస్తే అది చచ్చేలోపు కోసుకోవడమే అక్కడి లెక్క. కానీ మామ్మ ఆ మాట అన్నవాళ్ళకి సమాధానం చెప్పేది కాదు. మాట మార్చి, మీ కోడలికి ఎన్నో నెల అని అడిగేది.

పక్కింటి మావయ్య ఒక పొద్దున సూదీ దారం పట్టుకుని వచ్చాడు. ఆయన పందెం కోళ్ళు పెంచేవాడు. ఆయన దొడ్లో కాకి, డేగ, నెమలి, సేతు అని రంగుని బట్టి పేర్లున్న పుంజులు కొబ్బరిచెట్టుకొకటి కట్టేసి ఉండేవి. కత్తి తగిలిన పుంజుకి బరి పక్కనే కూర్చుని కుట్లు వేసే చెయ్యి ఆయనది. నేను కోడిపందేలని అప్పుడూ ఇష్టపడలేదు, ఇప్పుడూ ఇష్టపడను. 1960 నాటి జంతుహింస నిరోధక చట్టం, 1974 నాటి జూద నిరోధక చట్టం రెండూ వాటిని నిషేధించాయి, అయినా సంక్రాంతికి మా వైపు బరులు వెలుస్తూనే ఉంటాయి. ఆ సంగతి అలా ఉంచితే, కోడి ఒంటి గురించి ఆయనకి తెలిసినంత మా ఊళ్ళో ఇంకెవరికీ తెలియదు. బుల్లెమ్మని తీసుకుని, రెండు వేళ్ళతో రెక్క పట్టి, అది కిమ్మనకుండా పక్కకి పడుకోబెట్టాడు.

"నాలుగు కుట్లేస్తే మూసుకుపోద్దండి పిన్నిగారూ."

"కొత్త గాయమైతే వేద్దువు గాని. ఇది లోపల చీము పట్టింది. పైన కుట్టేస్తే లోపల కుళ్ళిపోదూ?"

ఆయన వంగి వాసన చూశాడు. ఏమీ అనకుండా సూది జేబులో పెట్టుకున్నాడు. "అవునండి. మీరన్నదే నిజం," అన్నాడు. వెళ్తూ వెళ్తూ మా పెరట్లో తిరుగుతున్న తన డేగపుంజుని అదిలించి తీసుకుపోయాడు. అది పందేల నుంచి తప్పించి జాతి కోసం వదిలిన పుంజు. మా పెట్టలూ వాళ్ళ పెట్టలూ అన్నీ దాని వెనకే. ఆ క్షణంలో ఆ పుంజు మీద మా ఎవరి దృష్టీ పడలేదు.

ఆషాఢం ముసురు పట్టింది. గడ్డిమేటు దగ్గర, గొడ్లసావిడి దగ్గర ఎక్కడ చూసినా ఈగలు. మామూలు ఈగలు కాదు, ఆకుపచ్చగా మెరిసే పెద్ద ఈగలు. పచ్చిపుండు కనిపిస్తే అవి గుడ్లు పెట్టి పోతాయి, ఆ వేడికి ఒక్క రోజులోనే పురుగులు బయటికొస్తాయి. ఒక రాత్రి కరెంటు పోయింది. గంప తీసి లాంతరు దగ్గర పెట్టి చూస్తే పుండు అడుగున సన్నగా ఏదో కదులుతోంది.

నాకు కాళ్ళూ చేతులూ ఆడలేదు. అమ్మ నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. మామ్మ మాత్రం చీకట్లోనే నాన్నని పంపించి సీతాఫలం ఆకు తెప్పించింది. రోట్లో వేసి నూరి, గుడ్డలో వేసి పిండి, ఆ రసం చుక్కలు చుక్కలుగా పుండులో వేసింది. కాసేపటికి పురుగులు పైకి రావడం మొదలైంది. నాన్న లాంతరు పట్టుకుంటే, అమ్మ బుల్లెమ్మ కాళ్ళూ రెక్కలూ పట్టుకుంటే, మామ్మ ఈకలు పీకే పట్టకారుతో ఒక్కొక్కటీ తీసి కిరసనాయిలు పోసిన కొబ్బరిచిప్పలో వేసింది. ఆకు రసమే వాడాలి, గింజల పొడి జోలికి పోకూడదని చెప్పింది. ఆ పొడి కంట్లో పడితే చూపుకే ప్రమాదం. నా పని దాని తల నిమరడం. రెప్ప కింద నుంచి పైకి మూస్తూ, తెరుస్తూ నన్నే చూసింది ఆ రాత్రంతా. నాకు అప్పుడు పదకొండు పన్నెండేళ్ళు. ఒక ప్రాణి నా మీద అంత నమ్మకం పెట్టుకోవడం నాకు అదే మొదటిసారి.

తెల్లారగానే పశువుల ఆసుపత్రికి బయలుదేరాం. నాన్న సైకిలు, వెనక క్యారేజీ మీద నేను, నా ఒళ్ళో బుట్ట. ఆసుపత్రి ముందు గేదెలు, ఎద్దులు, ఒక మేక. వాటి మధ్య బుట్టలో పెట్టని చూసి ఒకాయన నవ్వాడు. డాక్టరు గారు నవ్వలేదు. తిరుపతి వెటర్నరీ కాలేజీలో చదివి కొత్తగా ఉద్యోగంలో చేరిన మనిషి ఆయన. బల్ల మీద గోనెసంచి పరిచి, దాని మీద బుల్లెమ్మని పెట్టించారు.

"జ్వరం కూడా ఉందండి, ఒళ్ళు కాలిపోతోంది," అన్నాను నేను టెన్షన్‌గా.

"కోడి ఒళ్ళు మామూలుగానే అంత వేడమ్మా. మనకి 37 డిగ్రీలైతే దానికి 41 దాకా ఉంటుంది. అది జ్వరం కాదు, కంగారుపడకు."

ఆయన పుండుని పలచటి పర్మాంగనేట్ నీళ్ళతో కడిగారు. పట్టకారుతో లోపలికి వెళ్ళి, అంచు ఎత్తి, తోలు కింద నుంచి పసుప్పచ్చటి ముద్ద ఒకటి బయటికి లాగారు. విరిగిన పాలముక్కలా గట్టిగా ఉంది. ఇంకొకటి, దాని వెనక ఇంకొకటి.

"ఇదే చీము. మనుషుల్లో, గేదెల్లో చీము పలచగా ఉంటుంది, దారి దొరికితే కారిపోతుంది. పక్షుల తెల్లకణాల్లో దాన్ని కరిగించే పదార్థం ఉండదు. అందుకని ఇలా గట్టిపడి లోపలే కూర్చుంటుంది. మీరు పైన ఎంత మందు రాసినా ఇది లోపల ఉన్నంతకాలం మానదు."

మామ్మ చెప్పిన ఉప్పునీళ్ళు మానొద్దన్నారు. ఎవరో సలహా ఇస్తే నాన్న తెచ్చిన హైడ్రోజన్ పెరాక్సైడ్ సీసా చూసి, ఒకసారి శుభ్రం చెయ్యడానికి సరే, రోజూ పోస్తే కొత్తగా వచ్చే కండ కూడా దెబ్బతింటుందని పక్కన పెట్టించారు. నెబాసల్ఫ్ పొడి చల్లారు. చుట్టూ తోలుకి జెన్షన్ వయొలెట్ పూశారు. ఊదారంగు పూస్తే ఎరుపు కనపడదు, మిగతా కోళ్ళు పొడవవు. నీళ్ళలో కలిపి పట్టడానికి పొడి ఒకటి ఇచ్చి, అది వాడినన్నాళ్ళూ, ఆ తర్వాత కొన్నాళ్ళూ గుడ్లు తినొద్దన్నారు. ఎలాగూ అది గుడ్లు పెట్టడం ఎప్పుడో మానేసింది.

అన్నీ అయ్యాక ఆయన బుల్లెమ్మని అటూ ఇటూ తిప్పి చూశారు. మెడ వెనక ఈకలు విరిగి ఉన్నాయి. వీపు నడుమ అరచేతిలో సగమంత మేర బోడిగా ఉంది. ఎడమ రెక్క కింద కూడా, లోతు లేదు గానీ, సన్నగా గీతలు. నాన్న వైపు తిరిగి అడిగారు.

"మీ ఇంట్లో పుంజు ఉందాండీ? ఎంత బరువుంటుంది?"

ఆయన అడిగిన తర్వాత అంతా అర్థమైంది. పుంజు పెట్ట మీదకి ఎక్కేటప్పుడు ముక్కుతో మెడ వెనక ఈకలు పట్టుకుంటుంది. రెండు కాళ్ళూ వీపు మీద పెట్టి, జారిపోకుండా గోళ్ళతో అదుముకుంటుంది. పెట్ట సరిపడా పెద్దదైతే ఫరవాలేదు. మావయ్య డేగ నాలుగు కిలోలకి తక్కువ ఉండదు. అరకిలో పెట్ట వీపు మీద ఆ కాళ్ళకి చోటెక్కడిది? జారిన ప్రతిసారీ కాలి వెనక ముల్లు రెక్క కింద నుంచి పక్కటెముకల మీదుగా గీసుకుంటూ దిగుతుంది. పైగా పుంజులకి ఇష్టమైన పెట్టలుంటాయి, వాటి వెంటే పడతాయి. సాయంత్రం కాసేపు గాలికి తిరగనీ అని మేము గంప ఎత్తిన ఆ గంటే చాలు దానికి.

ఆ మాట మావయ్యకి చెబితే ఆయన ముఖం మాడిపోయింది. "నా పుంజా!" అని, ఇంకేం మాట్లాడకుండా వెళ్ళి దాన్ని పట్టి తాడు కట్టి కొబ్బరిచెట్టుకి కట్టేశాడు. ఆ సాయంత్రం మా అరుగు మీద కూర్చుని, పుంజుని ఒళ్ళో ఇరికించుకుని, ఆకురాయితో దాని ముళ్ళు అరగదీశాడు. పైన గోరు పెంకు, లోపల ఎముక ఉంటాయి ముల్లులో. కొన వరకే అరగదీయాలి, లోపలికి పోతే నెత్తురు ఆగదు. కొన గుండ్రంగా అయ్యేదాకా రాకి, తన బుగ్గకి రాసుకుని చూసుకున్నాడు, ఇంకా గుచ్చుకుంటోందేమోనని. అంత మొరటు మనిషి అలా చూసుకోవడం నేను మర్చిపోలేను.

పుంజు కట్టేశాక పుండు లోపలి నుంచి మారడం మొదలుపెట్టింది. రోజూ కడిగేటప్పుడు చూసేదాన్ని. అడుగున లేతగులాబీ రంగు గింజలు గింజలుగా కండ పైకి వస్తోంది, అంచులు దగ్గరపడుతున్నాయి. కానీ ఇంకో చిక్కు వచ్చింది. దాన్ని ఒంటరిగా గదిలో ఉంచితే తినడం లేదు, బయటికి వదిలితే వీధిలో ఇంకా ఎన్ని పుంజులు లేవు! ఎదిగీ ఎదగని పడుచు పుంజులు మరీ ప్రమాదం, వాటికి తొక్కడం కూడా సరిగ్గా రాదు. మామూలు పెట్టకి వీపు మీద ఈకలే కవచం. బుల్లెమ్మకి అవే లేవు. విరిగిన ఈక మొదలు లోపల ఉన్నంతకాలం కొత్తది రాదు, ఈకలు రాలే కాలం దాకా ఆగాలి. పూర్తిగా ఊడిన చోట వెంటనే మొలుస్తుంది గానీ, ఆ మొలకలో నెత్తురు ఉంటుంది, దాన్ని చూసి మిగతా పెట్టలు పొడుస్తాయి.

అమ్మ మెషిను ముందు కూర్చుని ఉంది ఆ మధ్యాహ్నం. ఎవరిదో జాకెట్టు కత్తిరిస్తోంది. మిగిలిన ముక్కలు కింద పడుతున్నాయి. బుల్లెమ్మ ఆ ముక్కల మధ్య కూర్చుంది. అమ్మ కత్తెర ఆపి చాలాసేపు దాన్నే చూసింది.

"దాన్నిలా పట్టుకో," అంది నాతో. టేపు తీసింది.

మెడ కింద నుంచి తోక మొదలు దాకా ఐదు అంగుళాలు. రెక్కల మధ్య వెడల్పు నాలుగు. మందపాటి కాటన్ లైనింగు గుడ్డ రెండు పొరలు, మధ్యలో ఇంకో పొర కాన్వాసు. వీపు మొత్తం కప్పుతూ, రెండు పక్కలా పుండు దాకా దిగేలా. మెడ దగ్గర వంపు తీసింది. రెక్కలు దూరడానికి రెండు ఎలాస్టిక్ ఉచ్చులు. తోక వైపు వదులుగా వదిలేసింది, లేకపోతే దాని తోక నిలబడదు. మొదటిది బిగుతైంది, రెక్క కింద ఒరుసుకుంది. విప్పి ఎలాస్టిక్ మార్చింది. రెండోది తడిస్తే బరువెక్కింది, కాన్వాసు తీసేసింది. ఆ తర్వాతది సరిపోయింది. చిలకాకుపచ్చ రంగు, పక్కన టిచ్ బటన్.

వేసిన మొదటి రోజు బుల్లెమ్మ వెనక్కి వెనక్కి నడిచింది. ఒక చోట కూలబడి లేవలేదు. నూకలు చల్లితే కూర్చునే మెడ చాపి తింది. మర్నాటికి లేచింది. మూడో నాటికి ఆ సంగతే మర్చిపోయి పెంటకుప్ప మీద మట్టి కెలుకుతోంది. వీధి పిల్లలంతా మా పెరటి దడి దగ్గర చేరారు. జాకెట్టు వేసుకున్న కోడి అని పక్క వీధి నుంచి కూడా వచ్చి చూసిపోయారు. ఒక పడుచు పుంజు వచ్చి ఎక్కబోయింది, గుడ్డ మీద కాళ్ళు నిలవక దిగిపోయింది. నేను చప్పట్లు కొట్టాను.

ప్రతి రాత్రీ జాకెట్టు విప్పేవాళ్ళం, గాలి తగలాలని, లోపల పేలు పడకూడదని. పొద్దున్నే ఉతికిన ఇంకో జత. మామ్మ తిండి మీద పడింది. ఈక అంతా మాంసకృత్తులే కాబట్టి దానికి బలమైన తిండి కావాలన్నారు డాక్టరు గారు. మా వైపు దానికి కొదవేముంది? సంతలో ఎండురొయ్యల పొట్టు తెచ్చి తవుడులో కలిపి పెట్టింది. ఉడికిన చోళ్ళ ముద్ద పెట్టింది. నేను కాలువగట్టున వానపాములు తవ్వి తెచ్చేదాన్ని. వీపు మీద నల్లటి చుక్కలు కనిపించాయి ముందు, తర్వాత అవి తొడుగులోంచి చీల్చుకుని తెల్లటి కుచ్చులుగా విచ్చుకున్నాయి. దసరా నాటికి పుండు ఉన్న చోట ఈకలు పక్కకి తీసి వెతికితే తప్ప మచ్చ కనపడేది కాదు. దీపావళికి ముందు వంటింటి కిటికీ గట్టు మీద గుడ్డు పెట్టింది.

డాక్టరు గారికి చూపించడానికి తీసుకెళ్ళాం. ఆయన మచ్చ కంటే జాకెట్టుని ఎక్కువసేపు చూశారు. తిరగేసి, లోపలి కుట్టు చూసి, "ఇదెవరు కుట్టారమ్మా?" అన్నారు. ఇలాంటి తొడుగులు విదేశాల్లో కోళ్ళ పెంపకందార్లు వాడతారని పుస్తకంలో చదివారట, కంటితో చూడడం అదే మొదలట. అమ్మ ఆ పుస్తకం సంగతి విని ఏమీ అనలేదు గానీ, ఇంటికొచ్చాక మావయ్య పెట్టలకి రెండు, డాక్టరు గారు పంపిన ఎవరి కోడికో ఒకటి కుట్టింది. డబ్బులు తీసుకోలేదు.

బుల్లెమ్మ ఆ తర్వాత చాలా ఏళ్ళు బతికింది. కొక్కెర రోగం వచ్చి వీధిలో గూళ్ళన్నీ ఖాళీ అయిన ఏడు కూడా దాటింది, అప్పటికే డాక్టరు గారి చేత టీకా వేయించి ఉన్నాం కాబట్టి. నేను ఇంటర్ చదువుకి భీమవరం వెళ్ళేటప్పటికి దాని తురాయి పాలిపోయింది, గుడ్లు మానేసింది, అయినా ఎవరి పెట్ట గుడ్లు దొరికితే వాటి మీద కూర్చునేది. ఒక చలికాలం పొద్దున మామ్మ ఉత్తరం రాయించింది, నిద్రలోనే పోయిందని, కొబ్బరిచెట్టు మొదట్లో పెట్టామని. ఆ మచ్చ ఉన్న వైపు పైకి ఉండేలా పడుకోబెట్టాను అని కూడా రాయించింది. అలా ఎందుకో నాకు అడగాలనిపించలేదు.

ఇప్పుడు హైదరాబాద్‌లో మా ఆఫీసులో ఒకమ్మాయి డాబా మీద కోళ్ళు పెంచుతోంది. అందులో ఒక బాంటం పెట్ట, ఒక పెద్ద పుంజు. మొన్న ఫోన్‌లో ఫొటో చూపించింది, వీపు బోడిగా, రెక్క కింద ఎర్రటి గీత. ఆయింట్‌మెంట్ మార్చి మార్చి రాస్తున్నా తగ్గడం లేదంది. ముందు పుంజుని వేరే చోట కట్టెయ్యమన్నాను, పుండు లోపల గట్టి ముద్ద ఉందేమో వెంటనే డాక్టరుకి చూపించమన్నాను. అప్పుడే అమ్మకి ఫోన్ చేసి ఆ అమ్మాయికి ఇచ్చాను.

అమ్మకి ఇప్పుడు చూపు సరిగ్గా ఆనడం లేదు, మెషిను ఎప్పుడో అమ్మేశాం. కానీ కొలతలు అడగ్గానే గబగబా చెప్పింది. పెట్ట బరువెంత అని అడిగి, దానిది కిలో దగ్గర కాబట్టి పొడవు ఒక అంగుళం పెంచమంది. రెక్కల దగ్గర ఉచ్చులో రెండు వేళ్ళు సులువుగా దూరాలంది. కాన్వాసు మాత్రం వెయ్యొద్దమ్మా, తడిస్తే బరువు, అని రెండుసార్లు చెప్పింది.